చీకట్లో నడిచే పాత బండి: ఇండోర్ రోలర్ కోస్టర్ పునరుద్ధరణపై అపోహలు – వాస్తవాలు

మిర్యాలగూడ రైసుమిల్లులో ఫిట్టరుగా పని నేర్చుకుని, తరువాత వినోద పార్కుల రైడ్ల మరమ్మతులోకి వచ్చినవాణ్ణి. కొన్నేళ్లుగా నా పని ఎక్కువగా కప్పు కింద, చీకట్లో నడిచే పాత రోలర్ కోస్టర్లను (ఎత్తుపల్లాల పట్టాల మీద బోగీలు దూసుకెళ్లే రైడ్లను) విప్పి, పరీక్షించి, మళ్లీ నడిచే స్థితికి తేవడం. పెద్దగట్టు జాతరకు దురాజ్‌పల్లి వెళ్లినప్పుడు జెయింట్ వీలు కింద నిలబడి బంధువులు అడిగే ప్రశ్నలు, నల్లగొండలో ఐటీఐ చదివే పిల్లలు అడిగే ప్రశ్నలు, పని అప్పగించే యజమానులు అడిగే ప్రశ్నలు వింటుంటే, ఈ యంత్రం గురించి అందరిలోనూ ఒకే రకమైన తప్పుడు నమ్మకాలు పాతుకుపోయాయని అర్థమైంది. వాటిలో కొన్ని తెలియక అనుకునేవి, కొన్ని ప్రాణాల మీదికి తెచ్చేవి. రెండో రకం గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: రంగులు వేసి, లైట్లు మార్చి, సీట్లకు కొత్త రెగ్జిన్ తొడిగితే పాత రైడు కొత్తదైనట్టే.

వాస్తవం: మా పని ఉన్న రంగును గీకి తీయడంతో మొదలవుతుంది. మోయలేనంత బరువు ఒక్కసారి పడితే ఇనుము విరుగుతుందని అందరికీ తెలుసు. మోయగలిగిన బరువే లక్షల సార్లు పడుతూ తొలగుతూ ఉన్నా విరుగుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. స్లాబు కడ్డీలు కట్టే బైండింగ్ వైరును నాలుగైదు సార్లు అటూ ఇటూ వంచితే తెగిపోవడం ప్రతి మేస్త్రీ చూసిందే. రోలర్ కోస్టర్ పట్టాలో ఆ వంపు కంటికి ఆననంత చిన్నది కాబట్టి, తెగడానికి లక్షల సార్లు పడుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. 19వ శతాబ్దంలో రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో తేల్చడానికి జర్మనీకి చెందిన ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి చేసిన పరీక్షలే ఈ శాస్త్రానికి పునాది.

ఒక లెక్క చూడండి. ఐదు బోగీలు, బోగీకి రెండు ఇరుసులు ఉన్న రైలు ఒక్కసారి వెళితే, పట్టాలోని ప్రతి చోటా పది సార్లు బరువు పడుతుంది. గంటకు 20 సార్లు, రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిచిందనుకుంటే, ఏడాదికి 48,000 ప్రయాణాలు, 4,80,000 దెబ్బలు. ఇరవై ఏళ్లకు అవి 96 లక్షలు. రైడు వయసును మేము లెక్కగట్టేది ఈ దెబ్బలతోనే. పదేళ్లు మూతపడి ఉన్న కోస్టర్ కంటే, ఐదేళ్లు కిటకిటలాడుతూ నడిచిన కోస్టర్ ఈ లెక్కలో ముసలిది కావచ్చు.

ఒక పాత కోస్టర్‌లో మలుపు దగ్గర పట్టాను స్తంభానికి కలిపే బ్రాకెట్‌ను పరీక్షించిన రోజు నాకు ఇంకా గుర్తుంది. పైన మూడు పొరల రంగు ఉంది, చూడటానికి నిక్షేపంగా ఉంది. రంగంతా తీసి, అయస్కాంత యోక్‌ను (రెండు కాళ్ల విద్యుదయస్కాంతాన్ని) వెల్డింగుకు రెండు వైపులా ఆనించి, అతినీలలోహిత కాంతిలో మెరిసే ఇనుప రజను కలిపిన ద్రవాన్ని చల్లి, హాలు లైట్లన్నీ ఆర్పి అతినీలలోహిత దీపం వెలిగించాము. పగులు ఉన్న చోట అయస్కాంత బలం బయటికి పొక్కి రజనును తన వైపు లాక్కుంటుంది. వెల్డింగు అంచు వెంబడి, బొటనవేలి గోరంత పొడవున, పసుపుకూ ఆకుపచ్చకూ మధ్య రంగులో ఒక వెంట్రుకలాంటి గీత మెరిసింది. దీపం ఆర్పి టార్చి వేసి చూస్తే అక్కడ ఏమీ లేదు. ఒక్క చోట అలాంటి గీత దొరికిందంటే, అదే ఆకారంలో ఉన్న బ్రాకెట్లన్నింటినీ అదే పద్ధతిలో చూడాలి, ఎందుకంటే అవన్నీ అవే దెబ్బలు తిన్నవి. మేము ఆ పని చేయడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల పనిలో సందర్శకుడి కంటికి కనిపించేది ఒక్కటీ ఉండదు కాబట్టే, ఖర్చు తగ్గించాలనుకునేవారు మొదట కొట్టివేసే పద్దు ఇదే అవుతోంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

అపోహ: కప్పు కింద ఎండా వానా తగలవు కనుక ఇండోర్ కోస్టర్‌కు తుప్పు పట్టదు.

వాస్తవం: వాన తగలదు గానీ నీరు తగులుతుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల్లో జులై, ఆగస్టు నెలల గాలిలో తేమ ఎంత ఉంటుందో మనకు తెలుసు. పగలంతా ఏసీ వేసి చల్లబరచిన హాలులో రాత్రి ఏసీ ఆపేసి, శుభ్రం చేయడానికి పెద్ద తలుపులు తెరిచి పెడితే, బయటి తడి గాలి లోపలికి వచ్చి, ఇంకా చల్లగానే ఉన్న ఇనుము మీద నీటి బొట్లుగా దిగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు చెమట పట్టినట్టే ఇదీ. ఒక వానాకాలపు ఉదయం పట్టా అడుగున చెయ్యి పెట్టి నిమిరితే, అరచేయి తడితోపాటు నల్లటి జిగటతో వచ్చింది. ఆ జిగట, రైడులో పొగమంచు పుట్టించడానికి పెట్టే యంత్రం వదిలిన ద్రవం, గ్రీజు, దుమ్ము కలిసిన ముద్ద. బయటి కోస్టర్ మీద పడే దుమ్మును వాన కడుగుతుంది, ఇక్కడ కడిగేవారు మనుషులే. చీకటి కోసం అన్నింటికీ నల్ల రంగు వేస్తారు కనుక, నూనె కారినా తుప్పు పొరలు లేచినా త్వరగా కంటపడవు.

పైపు పట్టాల్లో లోపలి తుప్పు ఇంకా మోసకారిది. పైకి దిట్టంగా కనిపించే పైపు లోపల నీరు చేరి గోడ పలచబడి ఉండవచ్చు. అందుకే ధ్వని తరంగాలతో మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజితో పైపు గోడ మందాన్ని చాలా చోట్ల కొలిచి, అసలు డ్రాయింగులోని మందంతో పోల్చుకుంటాము.

కప్పు కింద ఎండ తగలకపోయినా వేడి మాత్రం ఊరుకోదు. పునరుద్ధరణ సమయంలో ఏసీ ఆపేస్తారు. మే నెలలో రేకుల కప్పు కింద 42 డిగ్రీలు ఉన్నప్పుడు పట్టాలు సరిచూసి బిగించి, తరువాత 24 డిగ్రీల్లో నడిపితే ఏమవుతుంది? ఉక్కు 100 మీటర్ల పొడవుకు ప్రతి డిగ్రీకీ సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది లేదా కుదించుకుంటుంది. 18 డిగ్రీల తేడాకు అది దాదాపు 22 మిల్లీమీటర్లు. ఆ కదలికను అతుకులూ స్తంభాలూ పంచుకోవాలి. కాబట్టి చివరి కొలతలు ఏసీ వేసి, హాలు తన మామూలు చలికి వచ్చాకే తీసుకోవాలని నేను పట్టుబడతాను.

అపోహ: బోల్టును ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: మా మిల్లులో స్పానరుకు పైపు తొడిగి, ఇద్దరు కలిసి వేలాడి బిగించేవాళ్లం. రోలర్ కోస్టర్ మీద అలా చేసినవారిని నేను పనిలోంచి పక్కన పెడతాను. బోల్టు ఒక గట్టి స్ప్రింగు లాంటిది. తగినంత సాగితేనే రెండు పలకలను పట్టి ఉంచుతుంది, హద్దు దాటి సాగితే ఆ పట్టు చచ్చిపోతుంది. అందుకే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితో, తయారీదారు ఇచ్చిన లెక్క ప్రకారం, దారాలకు ఏ నూనె రాయాలో కూడా చూసుకుని బిగించాలి. నట్టు మీదుగా పలక మీదికి రంగుతో ఒక గీత గీస్తాము. రోజూ పొద్దున తనిఖీకి వెళ్లే కుర్రాడు ఆ గీత రెండుగా విడిపోయిందా అని చూస్తే, నట్టు కదిలిందో లేదో ఇట్టే తెలుస్తుంది. విప్పిన హైటెన్సైల్ (ఎక్కువ బలం తట్టుకునే) బోల్టులు మెరుస్తున్నాయని తిరిగి వాడటం తప్పుడు పొదుపు.

అపోహ: పాతబడి నెమ్మదించింది, కాబట్టి బాగుచేసేటప్పుడు వేగం పెంచాలి.

వాస్తవం: యజమానులు తరచుగా అడిగే కోరిక ఇది. చీకటి చేసే పనిని వారు తక్కువగా అంచనా వేస్తారు. అమెరికాలో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో 1975లో ప్రారంభమైన స్పేస్ మౌంటెన్ అనే ఇండోర్ కోస్టర్ వేగం గంటకు 45 కిలోమీటర్ల దగ్గరే ఉంటుంది. నార్కట్‌పల్లి దాటాక హైవే మీద మన ఆటోలు కూడా ఆ వేగం అందుకుంటాయి. మలుపు ఎటు తిరుగుతుందో కన్ను ముందుగా చూడలేదు కనుక, శరీరం సిద్ధం కాలేదు కనుక, అదే వేగం ఎక్కినవారికి రెట్టింపుగా తోస్తుంది.

మలుపులో పడే బలం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచితే బలం 21 శాతం పెరుగుతుంది. ఆ అదనపు భారం పట్టా మీద, వెల్డింగు మీద, ఎక్కినవారి మెడ మీద పడుతుంది. నెమ్మదించడానికి అసలు కారణం సాధారణంగా చక్రాల్లో ఉంటుంది. రోలర్ కోస్టర్ బోగీకి పట్టా మీద నడిచేవి, పక్కన ఆనేవి, పట్టా కింద పట్టి పైకి లేవకుండా ఆపేవి అని మూడు రకాల చక్రాలు ఉంటాయి. చాలావాటికి లోహపు దిమ్మె చుట్టూ పాలియురెథేన్ (రబ్బరులాంటి ప్లాస్టిక్) పొర అతికించి ఉంటుంది. కాలం గడిచేకొద్దీ ఆ పొర గట్టిపడి పగుళ్లు తేలవచ్చు, లేదా దిమ్మె నుంచి ఊడి రావచ్చు. బేరింగులో గ్రీజు తక్కువైనా, ఎక్కువైనా వేడెక్కుతుంది. గ్రీజు ఎంత ఎక్కువ కుక్కితే అంత మేలు అనుకోవడం మిల్లుల్లో నేనూ చేసిన పొరపాటే.

అపోహ: రైలు మధ్యలో ఆగిపోయిందంటే త్రుటిలో పెద్ద ప్రమాదం తప్పిందని అర్థం.

వాస్తవం: చాలా సందర్భాల్లో అది యంత్రం తన పని తాను చేసినట్టు. పట్టాను కొన్ని భాగాలుగా విభజించి, ఒక భాగంలో ఒకే రైలు ఉండేలా కంట్రోల్ వ్యవస్థ చూస్తుంది. ముందు రైలు ఖాళీ చేసిందని సెన్సర్ చెప్పేవరకు వెనక రైలును బ్రేకు పట్టి ఉంచుతుంది. గాలితో పనిచేసే బ్రేకుల్లో సాధారణంగా స్ప్రింగు మూస్తుంది, గాలి తెరుస్తుంది. కరెంటు పోయినా, గాలి పోయినా బ్రేకు పట్టుకునే ఉంటుంది. భయపడవలసింది రైలు ఆగినప్పుడు కాదు, ఆగవలసిన చోట ఆగకుండా ఎవరైనా చేసినప్పుడు.

ఒక పార్కులో పాత కంట్రోల్ ప్యానెల్ తెరిచినప్పుడు, ఒక సెన్సర్ టెర్మినళ్ల మధ్య జానెడు వైరు ముక్క కలిపి ఉంది. ఎర్ర ఇన్సులేషన్ టేపు దాని మీద దుమ్ముతో గోధుమ రంగుకు తిరిగింది, అంటే అది అక్కడ చాలాకాలంగా ఉంది. సెన్సర్ మాటిమాటికి రైలును ఆపుతోందని ఎవరో దాని నోరు నొక్కేశారు. సెన్సర్‌ను పరిశీలిస్తే దానిలో ఏ దోషమూ లేదు. దాన్ని పట్టుకునే క్లాంపు వదులై, అది గుర్తించవలసిన లోహపు పలకకు దూరం పెరిగింది. పావుగంట పని. ఆ పావుగంట పని మానేసి వేల మందిని ఆ బోగీల్లో కూర్చోబెట్టారన్న సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

అపోహ: పాత కోస్టర్‌ను బాగుచేయడం వృథా, తీసేసి కొత్తది పెట్టాలి. లేదా, ఎంత పాతదైనా బాగుచేసుకోవచ్చు.

వాస్తవం: రెండూ నిజం కావచ్చు, తనిఖీ తేల్చాలి. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ 1977లో తెరిచిన తన స్పేస్ మౌంటెన్‌ను 2003లో మూసి, పాత దారినే అనుసరించి పట్టాలన్నీ కొత్తవి వేసి 2005లో మళ్లీ తెరిచింది. టోక్యో డిస్నీలాండ్ 1983 నాటి కోస్టర్‌ను 2024 జులై 31తో ముగించి, దాని స్థానంలో పూర్తిగా కొత్తది కట్టడానికి పూనుకుంది. నా మటుకు, అసలు డ్రాయింగులు దొరకని, విడిభాగాలు చేసేవారు మిగలని యంత్రాన్ని బాగుచేస్తానని మాట ఇవ్వను.

అపోహ: ఈ పనిలో ప్రమాదమంటే ఎత్తు నుంచి పడటమే.

వాస్తవం: కప్పు కింద నిప్పు అంతకంటే ఘోరం. 1984లో అమెరికాలోని న్యూజెర్సీలో సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో భూత్ బంగ్లా లాంటి ఆకర్షణ అంటుకుని ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయారు. చీకటి కోసం కట్టే నల్ల తెరలు, కొండల ఆకారాలకు వాడే థర్మోకోల్, ఫైబర్ అన్నీ నిప్పును పిలిచే సరుకులే. వెల్డింగు చేసే చోట వాటిని తొలగించి, తడి గోనెలు కప్పి, పక్కన ఆర్పే సిలిండరుతో ఒక మనిషిని నిలబెట్టాలి. పని ఆగాక కూడా గంటసేపు ఆ మనిషి అక్కడి నుంచి కదలకూడదు. అత్యవసర దారి దీపాలు, నడక మెట్లు, పొగ బయటికి పంపే ఫ్యాన్లు కూడా పునరుద్ధరణలో భాగమే.

అపోహ: అన్నీ బిగించాక ఖాళీ రైలును ఒకసారి తిప్పి చూస్తే చాలు.

వాస్తవం: ఖాళీ రైలు, నిండు రైలు రెండు వేర్వేరు యంత్రాల్లా ప్రవర్తిస్తాయి. బరువు ఎక్కువ ఉన్నది గాలినీ రాపిడినీ సులభంగా జయించి వేగంగా వెళుతుంది, బ్రేకులకు పరీక్ష పెడుతుంది. ఖాళీది చలి ఉదయాన గ్రీజు గట్టిపడినప్పుడు ఎక్కవలసిన మిట్ట ఎక్కలేక లోయలో నిలిచిపోవచ్చు. రెండింటినీ, సగం నిండినదాన్నీ, బరువంతా ఒకే వైపు ఉన్నదాన్నీ నడిపి చూడాలి. యూరప్‌లో ఈఎన్ 13814, మన దేశంలో ఐఎస్ 15475 ప్రమాణాలు రైడ్ల భద్రత కోసమే ఉన్నాయి. వాటిని చదవకుండా ఈ పనిలో దిగకూడదు.

మేము సీటుకు 75 కిలోల చొప్పున ఇసుక బస్తాలు కట్టి నడుపుతాము. మిల్లులో పాత గోనె సంచులు తేలికగా దొరుకుతాయి కాబట్టి మిర్యాలగూడ నుంచే తెప్పిస్తాను. బస్తాలను సీటు బెల్టుతోపాటు తాడుతో కూడా కట్టి, ముడి నేనే సరిచూస్తాను. మొదటిసారి రైలు గొలుసు మీద పైకి వెళుతున్నప్పుడు హాలులో లైట్లన్నీ వెలుగుతూ ఉంటాయి, సంగీతం ఉండదు. వెనక్కి జారకుండా పట్టే కొక్కేలు ఒక్కో పన్ను దాటుతూ చేసే టక్, టక్ శబ్దం ఒక్కటే వినిపిస్తుంది. ఆ శబ్దాల మధ్య ఎడం ఎక్కడైనా మారిందా అని వింటూ, ప్యానెల్ దగ్గర ఎర్ర బటన్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడతాను.