నది ఒడ్డున ఉద్యానవనం: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

పడవలు నడపడానికి, నడకకు, ప్రకృతి పాఠాలకు నది ఒడ్డున ఉద్యానవనాన్ని ఎలా తీర్చిదిద్దుతారని అడిగారు కదా. చాలామంది ముందుగా ముఖద్వారం బొమ్మ గీస్తారు. నన్నడిగితే వరద నీరు ఎంతవరకు వస్తుందో ఆ గీత ముందు గీయాలి. దాని లోపల గదులు, మరుగుదొడ్లు కట్టకుండా పచ్చిక, చెట్లు, కాలిబాట మాత్రమే ఉంచితే వరద వచ్చిపోయినా పెద్ద నష్టం ఉండదు.

పడవల రేవుకు చోటు వెతకడమే అసలు కష్టం. నది వంపు తిరిగేచోట బయటి ఒడ్డును వేగమైన ప్రవాహం కోసేస్తుంది, లోపలి ఒడ్డున నీరు నెమ్మదించి ఇసుక మేట వేస్తుంది. మొదటి చోట మెట్లు కూలతాయి, రెండో చోట ఇసుక పూడుతుంది. కాబట్టి నది తిన్నగా, నెమ్మదిగా పారేచోటే రేవు మేలు. దిగువన పొట్టి ఆనకట్ట ఉంటే చాలా ఎగువనే హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఆ ఆనకట్టను చూస్తే ఎవరికీ భయం వేయదు, కాని దానిమీదుగా దూకిన నీరు కింద వెనక్కి మళ్లి, మనిషిని మళ్లీ మళ్లీ ఆనకట్ట వైపే లాగి ముంచుతుంది. గజ ఈతగాళ్లకూ బయటపడటం కష్టం. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే సరిపోదు, ఒంటిమీద ఉండాలి.

కాలిబాటను వాలు వెంట నేరుగా దించితే వాననీరు దాన్ని కాలువగా మార్చుకుంటుంది. అందుకే వాలుకు అడ్డంగా, 100 అడుగుల నడకకు సుమారు 10 అడుగులకు మించి ఎక్కకుండా వేస్తారు. ఒడ్డు పక్కన చెట్ల వరుసను కదిలించకూడదు: వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి, నీడ నీటిని చల్లబరుస్తుంది, చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుంది.

నీటిలో ప్రాణవాయువు బాగా ఉందా లేదా అన్న సంగతి పుస్తకంలో కన్నా రాయి కింద బాగా తెలుస్తుంది. లోతులేని చోట, పెద్దవాళ్లు పక్కనుండగా, ఒక రాయిని మెల్లగా తిప్పండి. పొట్టకు రెండు వైపులా మొప్పలు ఆడిస్తూ, సాధారణంగా మూడు తోకలతో కనిపించేది మేఫ్లై అనే చిన్న రెక్కల పురుగు పిల్ల. అలాంటివి రకరకాలుగా ఉంటే నీరు బాగున్నట్టే. ప్రాణవాయువు తక్కువైనా బతకగల ఎర్రని పురుగులే ఉంటే అనుమానించాలి. చూశాక రాయిని మునుపటిలాగే బోర్లించండి.

ఇసుక తిన్నెలపై గుడ్లు పెట్టే పక్షులుంటాయి. ఆ గుడ్లు ఇసుకలో కలిసిపోయే రంగులో ఉంటాయి గనుక తొక్కేదాకా కనబడవు. గూళ్ల కాలంలో ఆ తిన్నెల దగ్గర పడవలు ఆపకూడదని, ఎందుకో కూడా చెబుతూ, రేవు దగ్గరే రాసి పెట్టాలి.

ఇట్లు,
మీ తాతయ్య