ప్రెస్సుకి పాలసీ ఉంది, మరి పేపరుకి? పత్రికల బీమాలో అపోహలు - వాస్తవాలు

నేను బీమా సర్వేయర్‌ని. జిల్లాల్లో నడిచే చిన్న, మధ్యతరహా పత్రికల ప్రెస్సులకు నష్టం అంచనా వేయడానికి వెళ్తుంటాను. గేటు దగ్గరే యజమాని చెప్పే మొదటి మాట "పాలసీ ఉంది కదండీ" అని. నిజమే, ఉంటుంది. దేనికి ఉంది అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

అపోహ: బ్యాంకువాళ్లే ఇన్సూరెన్స్ చేయించారు, మనకు టెన్షన్ లేదు.

బ్యాంకు చూసుకునేది తన అప్పు. అప్పు కోటి అయితే పాలసీ కూడా చాలాసార్లు కోటికే ఉంటుంది. ప్రెస్సులో మెషీన్, సీటీపీ (కంప్యూటర్ నుంచి నేరుగా అచ్చు ప్లేట్లు తీసే యంత్రం), జనరేటర్, న్యూస్‌ప్రింట్ రీళ్లు అన్నీ కలిపితే విలువ రెండు కోట్లు ఉందనుకోండి. 20 లక్షల నష్టం జరిగితే యావరేజ్ క్లాజ్ (విలువలో ఎంత భాగానికి బీమా ఉంటే నష్టంలోనూ అంత భాగమే ఇచ్చే నిబంధన) ప్రకారం వచ్చేది సగం, అంటే 10 లక్షలు. అందులోంచి ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం, పోతుంది. "కోటికి కట్టాను, 20 లక్షలు ఇవ్వడానికి ఏం నొప్పి?" అని ఒకాయన నాతో గంటసేపు వాదించారు. ఆయన కోపం నాకు అర్థమైంది గానీ లెక్క మాత్రం మారలేదు.

2021 ఏప్రిల్ 1 నుంచి ఒకే చోట 5 కోట్ల లోపు విలువున్న యూనిట్లకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, ఆపైన 50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష పాలసీలు వచ్చాయి. వీటిలో విలువ 15 శాతం దాకా తక్కువ చూపించినా కోత పెట్టరు. సగానికి సగం తగ్గించి చూపిస్తే మాత్రం ఆ వెసులుబాటు వర్తించదు.

ఇంకో పొరపాటు పాత మెషీన్ల దగ్గర జరుగుతుంది. సెకండ్ హ్యాండ్ వెబ్ ఆఫ్‌సెట్ (రీళ్ల కాగితం మీద అచ్చేసే మెషీన్) 40 లక్షలకు కొన్నాం కాబట్టి బీమా కూడా 40 లక్షలకే అంటారు. పాలసీ రీఇన్‌స్టేట్‌మెంట్ విలువ మీద ఉంటే, లెక్కలోకి వచ్చేది అదే రకం కొత్త మెషీన్ ధర. మీరు బేరమాడి కొన్న ధరతో దానికి సంబంధం లేదు.

అపోహ: ఫైర్ పాలసీలో అన్నీ కవరవుతాయి.

పేరు ఫైర్ అయినా వరద, తుపాను, అల్లర్లు సాధారణంగా అందులోనే ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక ఈ సంగతి చాలామందికి తెలిసింది. అయితే న్యూస్‌ప్రింట్‌తో ఒక తంటా ఉంది. నిలబెట్టిన రీలుకు అడుగున నాలుగంగుళాలు తడిసినా మొత్తం రీలు పనికిరాదు, మెషీన్ మీద పెడితే కాగితం తెగుతూనే ఉంటుంది. దాన్ని చిత్తుకాగితం ధరకు అమ్మగా వచ్చే డబ్బును క్లెయిమ్‌లోంచి తీసేస్తారు. సరుకు నేల మీద పెట్టకూడదన్న షరతు కొన్ని పాలసీల్లో ఉంటుంది. చెక్క దిమ్మెలు వేసి రీళ్లు పెట్టండి, ఖర్చు పెద్దగా ఉండదు.

రాత్రి 12 గంటలకు మెషీన్ మోటారు కాలిపోతే మాత్రం ఫైర్ పాలసీ పలకదు. షార్ట్ సర్క్యూట్ అయిన ఆ మోటారును వదిలేసి, దాని నుంచి మంట పాకి కాలిన మిగతావాటికే ఇస్తారు. మోటారుకు మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ, సీటీపీకీ సర్వర్లకూ ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ విడిగా తీసుకోవాలి.

అపోహ: పేపర్ ఆగిన రోజుల నష్టం కూడా ఇస్తారు.

ఫైర్ పాలసీ ఇచ్చేది వస్తువుల విలువ. పోయిన ప్రకటనల ఆదాయానికి లాస్ ఆఫ్ ప్రాఫిట్స్ పాలసీ వేరే ఉంది. దానికీ ఒక మెలిక ఉంది: ముందు మీ ఆవరణలో ఆస్తి దెబ్బతినాలి. 2015 డిసెంబరు 2న 'ది హిందూ' చెన్నైలో అచ్చు కాలేదు, 1878 తర్వాత అదే మొదటిసారి. కారణం, వరదల్లో సిబ్బంది మరైమలై నగర్‌లోని ప్రెస్సుకు చేరలేకపోవడం. దారి మూసుకుపోయి పని ఆగిపోవడం మామూలు పాలసీలోకి రాదు, అడిగి అదనంగా చేర్పించుకోవాలి. నన్నడిగితే ఈ పాలసీలో పత్రికకు అన్నిటికన్నా పనికొచ్చేది అదనపు ఖర్చుల భాగం. మీ ప్రెస్సు కాలిపోయినా పేపరు ఆగకూడదు కాబట్టి పక్క ఊళ్లో ఎవరి దగ్గరో అచ్చు వేయిస్తారు. ఆ తేడా డబ్బులు ఇందులో వస్తాయి.

అపోహ: రాసింది నిజమే కదా, పరువునష్టం కేసు ఏం చేస్తుంది?

గెలిచేదాకా లాయరు ఫీజు మీదే. ఇక్కడ అక్కరకొచ్చేది మీడియా లయబిలిటీ పాలసీ, అంటే వేసిన వార్తల మీద వచ్చే దావాలకు తీసుకునే బీమా. చిన్న పత్రికల్లో దీని పేరు విన్నవాళ్లే తక్కువ. వార్త వేసిన రోజుకన్నా మీ మీద దావా లేదా నోటీసు వచ్చిన రోజు పాలసీ నడుస్తోందా అనేదే ఇందులో ముఖ్యం. వార్త కూడా పాలసీలో రాసిన వెనకటి తేదీ తర్వాతిదై ఉండాలి. లిఖితపూర్వక పరువునష్టానికి సివిల్ దావా వేయడానికి ప్రచురణ తేదీ నుంచి ఏడాది గడువుంటుంది. కాబట్టి పత్రిక మూసేసినా వెంటనే పాలసీ ఆపేయకండి. భారతీయ న్యాయ సంహిత 356 కింద క్రిమినల్ కేసులో పడే జరిమానాను ఏ బీమా కట్టదు. వాదించుకునే ఖర్చు ఇస్తుందో లేదో పాలసీలోనే చూసుకోవాలి.

ఇంకా పెద్ద తప్పు ఒకటి జరుగుతుంటుంది. లీగల్ నోటీసు రాగానే డెస్కువాళ్లు భయపడి మర్నాడే "చింతిస్తున్నాం" అని వేసేస్తారు. పాత్రికేయ ధర్మంగా సవరణ మంచిదే. కానీ కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదన్న షరతు ఈ పాలసీల్లో ఉంటుంది. ముందు కంపెనీకి ఫోన్ చేసి, మెయిల్ పెట్టి, ఆ తర్వాత వేయండి. ఒక పూట ఆలస్యమైతే అవుతుంది.

నెట్‌లోంచి తీసి వాడిన ఫొటోల మీద నోటీసులు కూడా ఈ పాలసీ పరిధిలోకే రావచ్చు. పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో వెబ్‌సైట్, యూట్యూబ్ చానల్ గురించి రాయకపోతే మాత్రం అచ్చు పేపరు వరకే చూస్తారు. కావాలని రాసిన అబద్ధానికి, బెదిరింపు రాతలకు ఎక్కడా కవర్ దొరకదు, దొరకకూడదు కూడా.

అపోహ: సొంత కారులో పేపరు కట్టలు పంపితే ఏమవుతుంది?

తెల్లవారుజామున ప్రమాదం జరిగితే కంపెనీ అడిగే మొదటి ప్రశ్న బండి దేనికి వాడుతున్నారు అని. ప్రైవేటు కారుగా బీమా చేయించి సరుకు తోలితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

అపోహ: మండల విలేకరులు కూడా మన స్టాఫ్ పాలసీలోకి వస్తారు.

జీతాల పట్టీలో లేని కంట్రిబ్యూటర్లను ఉద్యోగులుగా ఒప్పించడం కష్టం. వాళ్లకు గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ చేయించవచ్చు, పేర్ల జాబితా ఇస్తే చాలు. ఆ జాబితాను మాత్రం ఎప్పటికప్పుడు మార్చాలి. ఈమధ్య ఒక పత్రిక జాబితా చూశాను. మానేసి రెండేళ్లయిన ముగ్గురి పేర్లు అలాగే ఉన్నాయి, రోజూ వార్తలు పంపుతున్న ఐదుగురి పేర్లు లేవు.