ప్యాకేజీలు బ్రాంచ్ సర్వర్లకు చేరడం వెనక ముప్పై ఏళ్లు

4 జీబీ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని 2 ఎంబీపీఎస్ లింకు మీద బ్రాంచ్ ఆఫీసుకు పంపితే, లింకులో ఇంకేదీ నడవకపోయినా దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. అక్కడి 50 పీసీలూ దాన్ని విడివిడిగా లాగితే తొమ్మిది రోజులు దాటుతుంది. సంస్థలోని పీసీలకు సాఫ్ట్‌వేర్ పంపి నిర్వహించే మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో మనం రోజూ చూసే అమరికలు చాలావరకు ఈ లెక్కలోంచే పుట్టాయి.

దీని పూర్వ రూపం సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్ 1994లో వచ్చింది. ప్యాకేజీని కుదించి సైటు (ఒక సర్వర్ చూసుకునే పీసీల గుంపు) నుంచి సైటుకు పంపేవారు. అక్కడ డిస్ట్రిబ్యూషన్ పాయింట్ అనే సర్వర్ షేర్‌లో విప్పి పెడితే, పీసీలు ఆ షేర్ నుంచే ఇన్‌స్టాల్ చేసుకునేవి. లింకు మరీ సన్నగా ఉన్నచోటికి ‘కొరియర్ సెండర్’ దిక్కు. ప్యాకేజీని సీడీకి ఎక్కించి పార్సిల్ చేయడమే దాని పని.

2003 వెర్షన్‌లో పీసీలు బిట్స్ (వెనకాల మెల్లగా డౌన్‌లోడ్ చేసే విండోస్ సర్వీసు) ద్వారా డౌన్‌లోడ్ చేసుకోవడం మొదలైంది. తెగిన చోటి నుంచే మళ్లీ అందుకోవడం గొప్ప ఊరట. కానీ బిట్స్ ఖాళీ బ్యాండ్‌విడ్త్‌ను కొలిచేది పీసీ నెట్‌వర్క్ కార్డు దగ్గర. రౌటర్ అవతల లింకు నిండిపోయిందని దానికి తెలియదు. అందుకే పాలసీలో వేగ పరిమితి విడిగా పెట్టక తప్పదు.

2007లో రెండు మార్పులు వచ్చాయి. ఫైలు మారితే మారిన భాగాన్నే పంపడం ఒకటి. బ్రాంచ్‌లోని మామూలు పీసీనే డిస్ట్రిబ్యూషన్ పాయింట్‌గా వాడుకోవడం రెండోది. అయితే అప్పటి పీసీల్లోని విండోస్ ఎక్స్‌పీ ఒకేసారి పది కనెక్షన్లకు మించి ఒప్పుకోదు, కాబట్టి అది చిన్న బ్రాంచ్‌లకే సరిపోయింది.

అసలు మలుపు 2012లో వచ్చిన కంటెంట్ లైబ్రరీ. ప్యాకేజీకో ఫోల్డర్ అన్న పద్ధతి పోయింది. లైబ్రరీలోని ఫైల్‌లిబ్ అనే భాగంలో ప్రతి ఫైలూ తన ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్రలాంటి కోడ్) పేరుతో ఒక్కసారే ఉంటుంది. దాన్ని ఉంచే ఫోల్డర్ పేరు ఆ హ్యాష్‌లోని మొదటి నాలుగు అక్షరాలు. ఏ ప్యాకేజీలో ఏమున్నాయో పీకేజీలిబ్, అసలు పేర్లు ఏమిటో డేటాలిబ్ చెబుతాయి. పది ప్యాకేజీల్లో ఒకే రన్‌టైమ్ ఇన్‌స్టాలర్ ఉన్నా డిస్కు మీద ఒక్క కాపీయే. పంపే ముందే సైట్ సర్వర్ అవతల ఆ ఫైలు ఉందేమో చూస్తుంది కనుక లింకు మీదా ఒక్కసారే. దీనికి చెల్లించే మూల్యం, ఫోల్డర్ తెరిచి కంటితో సరిచూసుకునే వీలు పోవడం. మరో డ్రైవ్‌కి మార్చాలంటే కాపీ-పేస్ట్ కుదరదు, కంటెంట్ లైబ్రరీ ట్రాన్స్‌ఫర్ టూల్ వాడాలి.

అప్పటికీ సైట్ సర్వర్ మీద భారం మిగిలింది. డిఫాల్ట్‌గా అది ఒకేసారి మూడు ప్యాకేజీలు, ప్యాకేజీకి ఐదు థ్రెడ్లు చొప్పున నెడుతుంది. విఫలమైతే 30 నిమిషాలకోసారి వంద సార్లు ప్రయత్నిస్తుంది. చెడిపోయిన ఒక్క పాయింట్ రెండు రోజులకు పైగా వరుసను ఇరికించగలదు. 2012 సర్వీస్ ప్యాక్ 1లో వచ్చిన పుల్ డిస్ట్రిబ్యూషన్ పాయింట్ దీన్ని తిరగేసింది: కబురు అందగానే పక్క పాయింట్ నుంచి తనే తెచ్చుకుంటుంది.

ఇప్పటికీ పొరపాట్లు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. సర్వర్‌కు డిస్ట్రిబ్యూషన్ పాయింట్ రోల్ పెట్టకముందే సీ డ్రైవ్‌లో ‘నో_ఎస్ఎంఎస్_ఆన్_డ్రైవ్.ఎస్ఎంఎస్’ అనే ఖాళీ ఫైలు ఉంచకపోతే లైబ్రరీ అక్కడే చేరి డిస్కు నిండవచ్చు. ప్యాకేజీలో ‘బిన్’ ఫోల్డర్ ఉంటే విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లోని రిక్వెస్ట్ ఫిల్టరింగ్ దాన్ని 404.8 ఎర్రర్‌తో ఆపేస్తుంది. యాంటీవైరస్ లైబ్రరీలో ఒక్క ఫైలును మార్చినా, డౌన్‌లోడ్ అంతా అయ్యాక హ్యాష్ కలవక మొత్తం వృథా. లైబ్రరీ ఫైళ్లను సరిచూసే కంటెంట్ వ్యాలిడేషన్ షెడ్యూల్‌ను మనమే ఆన్ చేయాలి.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం బౌండరీ గ్రూపుల్లో (ఏ నెట్‌వర్క్‌లోని పీసీ ఏ పాయింట్‌కు పోవాలో చెప్పే అమరికల్లో) జరుగుతుంది. బ్రాంచ్‌కి కొత్త సబ్‌నెట్ ఇచ్చి బౌండరీలో చేర్చకపోతే, పక్కనే పాయింట్ ఉన్నా పీసీలు దూరపు సర్వర్‌కు పోవచ్చు. లింకు ఉన్నట్టుండి నిండితే ముందు పీసీలో లొకేషన్‌సర్వీసెస్ లాగ్ తెరిచి, అది ఏ సర్వర్ పేరు అందుకుందో చూడాలి.