కొత్త ఉద్యోగుల బెరుకు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లాలోని రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలోనూ, ప్రకాశం జిల్లా చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్లలోనూ సిబ్బంది వ్యవహారాలు చూస్తున్న నాకు, కొత్తవారి బెరుకు పోగొట్టడం గురించి యాజమాన్యాల నోట తరచుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పులు.

అపోహ: మొదటి రోజే అందరినీ వరుసగా నిలబెట్టి పరిచయాలు చెప్పిస్తే బెరుకు పోతుంది.

వాస్తవం: తన వంతు దగ్గర పడుతున్న మనిషి తానేం చెప్పాలన్న ఆలోచనలోనే ఉంటాడు గనుక, తనకు ముందు మాట్లాడినవారి మాటలు అతని చెవికెక్కవు. వరుసగా పదాలు చదివించిన ప్రయోగాలలో మాల్కమ్ బ్రెన్నర్ అనే పరిశోధకుడు 1973లోనే ఈ సంగతి చూపారు. ఉదయగిరి వైపు పల్లెలో తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చిన యువకుడిని నలభై మంది ముందు ఇంగ్లీషులో మాట్లాడమంటే అతని బెరుకు తగ్గకపోగా పెరుగుతుంది. ముగ్గురు నలుగురిని టీ వేళకు ఒకచోట కూర్చోబెట్టడం దీనికంటే ఎంతో మేలు.

అపోహ: ఊరు, ఇంటిపేరు అడిగితే దగ్గరితనం ఏర్పడుతుంది.

వాస్తవం: "మీదే ఊరు?" అన్నది మన జిల్లాల్లో సహజమైన పలకరింపే. కోవూరు అన్నా, కనిగిరి అన్నా వానల గురించో, చెరువుల గురించో, అక్కడున్న చుట్టాల గురించో నాలుగు మాటలు సాగుతాయి. దానిని మానమని నేను ఎవరికీ చెప్పను. చిక్కంతా ఆ వెంటనే వచ్చే ఇంటిపేరు ప్రశ్నతోనూ, దాని వెనుక దాగిన "మనోళ్లేనా?" అన్న ఆరాతోనూ మొదలవుతుంది. జవాబు వచ్చిన గంటలోనే మధ్యాహ్నం ఎవరి పక్కన ఎవరు క్యారియర్ విప్పాలో తేలిపోతుంది. లెక్క కుదిరినవాడికి ఒక అండ దొరుకుతుంది. కుదరనివాడు ఆ రోజు నుంచి పనిలో చిన్న సాయం అడగడానికి కూడా వెనుకాడతాడు. సూపర్‌వైజరే ఈ ఆరా తీస్తే, ఆ తర్వాత ఆయన వేసే షిఫ్టులను, ఇచ్చే సెలవులను అందరూ అదే కంటితో చూస్తారు; ఆయన న్యాయంగా నడుచుకున్నా ఎవరూ నమ్మరు. అందువల్ల ఏ బస్సుకు వస్తున్నారు, గది ఎక్కడ దొరికింది, ఇంతకుముందు ఏం పని చేశారు అన్న ప్రశ్నలతో మాట కలపమని నేను సూపర్‌వైజర్లకు చెబుతాను. ఒడిశా నుంచి వచ్చినవారి విషయంలో ఊరి పేరు కూడా అంతగా అక్కరకు రాదు. వారి పేరును సరిగా పలకడం, గుర్తింపు కార్డు మీద తప్పు లేకుండా రాయడం అంతకంటే మంచి పలకరింపు.

అపోహ: "అర్థమైందా?" అంటే తల ఊపాడు కాబట్టి అర్థమైనట్టే.

వాస్తవం: చెరువు గట్టున 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలని ఆక్వా రైతు కొడుక్కి చిన్ననాటి నుంచీ తెలుసు. అతడే రొయ్యలను సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్ సెక్షన్‌లో చేరినప్పుడు, ఎగుమతి పెట్టె మీది 16/20 అన్న అంకెకు పౌండుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 16 నుంచి 20 రొయ్యలని అర్థమన్న మాట ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు. పైగా చెరువు దగ్గరి లెక్క తలతో సహా వేసేది, పెట్టెలోకి వెళ్లే సరుకులో చాలాభాగం తల తీసినది. రొయ్యల ఇంట పుట్టి ఇది కూడా తెలియదా అంటారన్న భయంతో అతడు అడగడు; తప్పు గ్రేడు పెట్టెలోకి చేరిపోతుంది. ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను పరిశీలించి ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1999లో ప్రచురించిన అధ్యయనం చెప్పిందీ ఇదే: అడిగితే చులకనవుతామన్న భయం లేని బృందాలే ఎక్కువ నేర్చుకుంటాయి. కాబట్టి "అర్థమైందా?" అని అడగడం మాని, "ఒకసారి చేసి చూపించు" అనడం మంచిది.

అపోహ: పాతవాళ్లు కాస్త ఆటపట్టిస్తేనే కొత్తవాళ్లు కలిసిపోతారు.

వాస్తవం: నవ్వినవాళ్లందరూ కలిసిపోయినట్టు కాదు. స్త్రీల విషయంలో ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు: పని ప్రదేశంలో లైంగిక వేధింపులను నిషేధించిన 2013 చట్టం అసభ్య వ్యాఖ్యలను కూడా వేధింపుగానే పరిగణిస్తుంది, 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలంటుంది. ఆ కమిటీలో ఎవరున్నారో చేరిన రోజే చెప్పాలి.

అపోహ: ఇదంతా హెచ్ఆర్ వాళ్ల పని.

వాస్తవం: కొత్తవారికి గంబూట్లు ఎక్కడ విడవాలో, ఏ మేస్త్రీ ఎప్పుడు విసుక్కుంటాడో చెప్పగలిగేది పక్కన నిలబడి పనిచేసే మనిషే. ఆ తోడుగా ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారిని కాక, ఏడాదిలోపు చేరినవారిని ఎంచుకోవడం నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే తమ మొదటి వారం వారికింకా గుర్తుంటుంది. అయితే పీలింగ్‌లో, అంటే రొయ్యల తొక్క తీసే పనిలో, కిలో లెక్కన కూలి తీసుకునే మహిళకు కొత్తమ్మాయిని అప్పగిస్తే, నేర్పించిన ప్రతి గంటకూ ఆమె సంపాదన తగ్గుతుంది. మూడో రోజుకే ఆమె విసుక్కుందంటే ఆమె స్వభావాన్ని తప్పుపట్టడం అన్యాయం. ఆ వారానికి ఆమె సగటు కూలి ఎంతో లెక్కగట్టి, తగ్గిన మేరకు యాజమాన్యమే చెల్లించాలి.