కట్ట మీద నుంచి కొర్రమీనుకు రాడ్: అపోహలు - వాస్తవాలు

పోయిన ఎండాకాలంలో హనుమకొండలోని మా చిన్న మరమ్మతు గదికి ఒక యువకుడు విరిగిన కాస్టింగ్ రాడ్, అంటే ఎరను విసిరి చేపలు పట్టే గాలపు కర్ర, పట్టుకుని వచ్చాడు. "అన్నా, దీని మీద బాస్ అని రాసి ఉంది. అమెరికా చేప కోసం చేసిన కర్ర మన కొర్రమీనును ఏం ఆపుతుంది?" అన్నాడు. విరిగిన చోటు చూశాను. కొసకు జానెడు కిందనే పుటుక్కున తెగింది. చేప నీళ్లలో ఉండి లాగినప్పుడు సాధారణంగా అక్కడ విరగదు. కట్ట మీద నిలబడి, చేపను కాళ్ల దగ్గరికి రప్పించుకుని, రాడ్‌ను తల మీదికి ఎత్తితే అక్కడ విరుగుతుంది. అడిగితే అలాగే జరిగిందని చెప్పాడు.

ఏళ్ల తరబడి ఇలాంటి రాడ్‌లకు కొసలు అతికిస్తున్నాను, రింగులు మారుస్తున్నాను. నా చేతికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం చేపను మనసులో పెట్టుకుని కొన్నవే. తాము నిలబడబోయే చోటును చూసి కొన్నవారు చాలా తక్కువ. మన దగ్గర గాలం వేసేది పడవలోంచి కాదు, చెరువు కట్ట మీద నుంచి. కట్ట ఎత్తు, దాని రాతి తాపడం, వెనుక ఉన్న తుమ్మ చెట్లు, ముందున్న గుర్రపు డెక్క, ఇవే రాడ్‌ను నిర్ణయించాలి. ఈ మాట అర్థం కాక డబ్బు పోగొట్టుకుంటున్నవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బాస్ రాడ్ మన చేపలకు పనికిరాదు.

బాస్ ఉత్తర అమెరికా చేప. మన చెరువుల్లో లేదు. 1932లో అమెరికాలోని జార్జియాలో 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ ఒకటి గాలానికి పడింది. అంటే పది కిలోల పైమాటే. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో పడిన చేప ఆ రికార్డుకు సమంగా నిలిచింది. ఈ రెండు దేశాల్లోనూ బాస్ వేట మీద పిచ్చి ఎంతంటే, కాస్టింగ్ రాడ్‌ల తయారీలో పెద్ద భాగం ఆ ఒక్క చేప చుట్టూనే పెరిగింది. అందుకే దుకాణంలో ఏ కాస్టింగ్ రాడ్ తీసినా దాని మీద బాస్ పేరు కనిపిస్తుంది.

ఆ చేప ఎక్కడ ఉంటుందో తెలుసుకుంటే సంగతి తేలిపోతుంది. తామరాకుల కింద, నాచు అంచున, మునిగిన కొమ్మల నీడలో దాక్కుని, దగ్గరికి వచ్చినదాన్ని ఒక్కసారిగా మింగుతుంది. మన కొర్రమీను కూడా అంతే. రెండింటికీ రబ్బరు కప్పనే, అంటే కప్ప ఆకారపు ఎరనే వాడతారు. కాబట్టి తామరాకుల్లోంచి బాస్‌ను లాగడానికి చేసిన రాడ్, గుర్రపు డెక్కలోంచి కొర్రమీనును లాగడానికి చక్కగా సరిపోతుంది. బాస్ రాడ్‌లలో అదే రకం ఎంచుకోవాలి. లోతైన తేట నీళ్లలో చిన్న ఎరలు ఆడించడానికి చేసిన సన్న రాడ్‌లు కూడా బాస్ పేరుతోనే అమ్ముతారు. అవి మన కట్టల మీద ఏడిపిస్తాయి.

ఒక తేడా మాత్రం మరచిపోవద్దు. బాస్ నోట్లో వేలు పెట్టి కింది దవడ పట్టుకుని ఎత్తే వీడియోలు చూసి కొర్రమీనును కూడా అలా పట్టబోతారు. కొర్రమీనుకు పదునైన పళ్లు ఉంటాయి.

అపోహ: రాడ్ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

అన్నింటికంటే ఎక్కువగా నష్టపరిచే అపోహ ఇది. అందుకే కొంచెం ఓపికగా చదవండి. రాడ్‌కు రెండు వేర్వేరు గుణాలు ఉంటాయి. ఒకటి పవర్, అంటే వంచడానికి ఎంత బలం కావాలన్నది. లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని రాస్తారు. రెండోది యాక్షన్, అంటే ఎక్కడ వంగుతుందన్నది. ఫాస్ట్ అంటే కొస దగ్గర ఉన్న మూడో వంతు మాత్రమే వంగుతుంది. మోడరేట్ అంటే సగం దాకా వంగుతుంది. స్లో అంటే పిడి దాకా విల్లులా వంగుతుంది. మందంగా ఉన్న ప్రతి రాడ్ ఫాస్ట్ కాదు, ఫాస్ట్ అయినదంతా హెవీ కాదు.

కొర్రమీను కప్పను కొట్టిన తీరు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. డెక్క ఆకుల మధ్య ఒక్కసారిగా నీళ్లు చిమ్ముతాయి. అప్పుడే లాగితే కప్ప మాత్రం గాలిలోకి ఎగిరి వస్తుంది, చేప ఉండదు. ఒక క్షణం ఆగి, దారం బరువెక్కిన తరువాత గట్టిగా లాగాలి. దాని నోరు ఎముకలా గట్టిది కాబట్టి గాలం దిగాలంటే ఆ లాగుడుకు వెన్ను కావాలి. మీడియం హెవీ లేదా హెవీ పవర్ అందుకే. దిగిన మరుక్షణం చేప తల తిప్పి డెక్క వేళ్లలోకి దూరుతుంది. అక్కడి నుంచి మళ్లించడానికీ ఆ బలమే పనికివస్తుంది.

మరి కొస? కొస కాస్త మెత్తగా ఉండాలి. పన్నెండు గ్రాముల కప్పను విసిరేటప్పుడు ఆ బరువుకు కొస వెనక్కి వంగి మళ్లీ నిటారుగా లేవాలి. కర్ర మొత్తం గడ్డపారలా బిగుసుకుని ఉంటే ఎర పది గజాలు కూడా వెళ్లదు. అప్పుడు బలం అంతా చేతితో వేస్తారు, రీలులో దారం చుట్ట అదుపు తప్పి తిరిగి చిక్కుపడుతుంది, తప్పు రీలుదని తిడతారు. మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్, ఎర బరువు 10 నుంచి 30 గ్రాములు అని రాసి ఉన్న రాడ్ మన చెరువులకు తగినది. విదేశీ రాడ్‌ల మీద ఈ బరువు ఔన్సుల్లో ఉంటుంది. ఒక ఔన్సు అంటే దాదాపు 28 గ్రాములు, పావు ఔన్సు ఏడు గ్రాములు.

ఇంకో మాట. ఒక కంపెనీ మీడియం హెవీ మరో కంపెనీ హెవీతో సమానంగా ఉండవచ్చు. వీటికి అందరూ పాటించే కొలత ఏదీ లేదు. అందుకే పేరు చదివి ఊరుకోకుండా, మీరు వాడే ఎరను కొసకు వేలాడదీసి చూడండి. కొస కొద్దిగా వంగి నిలబడాలి. అసలు కదలకపోయినా, వేలాడిపోయినా అది మీది కాదు.

అపోహ: పొడవైన రాడ్ ఉంటేనే కట్ట మీద నుంచి దూరం పడుతుంది.

దూరం ఎందుకు కావాలన్నది మొదటి ప్రశ్న. చెరువు ఆకారం గుర్తుచేసుకోండి. లోతు కట్ట వైపు, తూము దగ్గర ఉంటుంది. శిఖం వైపు, అంటే నీళ్లు పరుచుకునే ఎగువ అంచు వైపు, పోయేకొద్దీ పలచబడుతుంది. కొర్రమీను గాలి పీల్చే చేప. పైకి వచ్చి నోరు తెరవకపోతే బతకదు. నాచు, తుంగ, డెక్క ఉన్న పలచటి అంచుల్లో తిరగడమే దానికి ఇష్టం. కట్ట చివర్లలో, మత్తడి (అలుగు) పక్కన, తుంగ మొదలయ్యే చోట అది మీకు పదిహేను ఇరవై గజాల్లోనే ఉంటుంది. ఆ దూరానికి పది అడుగుల మడత రాడ్ అక్కరలేదు. పైగా వెనుక తుమ్మ కొమ్మలు ఉంటే పొడవైన రాడ్‌ను వెనక్కి తిప్పే చోటే ఉండదు.

అలాగని మరీ పొట్టిది తీసుకోవద్దు. ఎండాకాలం నీళ్లు దిగిపోయినప్పుడు కట్ట మీద మీరు నీటికి చాలా ఎత్తులో ఉంటారు. దారం రాతి తాపడానికి రాసుకోకుండా, డెక్క మీద పరుచుకోకుండా పైకెత్తి ఉంచాలంటే ఏడు అడుగులు కావాలి. ఎత్తైన కట్టకు ఏడున్నర దాకా వెళ్లవచ్చు. ఆరున్నర అడుగులది చెట్ల మధ్య ఇరుకు చోట్లకు. నా చేతిలో ఎక్కువగా ఉండేది ఏడు అడుగులదే.

ధర్మసాగర్, దిగువ మానేరు వంటి జలాశయాల విశాలమైన నీళ్లకు ఈ లెక్క మారుతుంది. అక్కడ దూరం నిజంగానే కావాలి. దాన్ని కూడా రాడ్ పొడవు ఒక్కటే ఇవ్వదు. ఎర బరువు రాడ్‌కు తగి ఉండటం, దారం సన్నగా ఉండటం, రీలు నిండుగా చుట్టి ఉండటం, ఈ మూడూ కుదిరితేనే దూరం వస్తుంది.

అపోహ: రాడ్ మీద 20 పౌండ్లు అని ఉంటే తొమ్మిది కిలోల చేపను ఎత్తుతుంది.

ఆ అంకె దారానిది. అంత బలం ఉన్న దారం వరకు ఈ రాడ్‌తో వాడవచ్చని అర్థం. చేపను ఎత్తడానికి, ఆ అంకెకు సంబంధం లేదు. నీళ్లలో ఉన్న చేప బరువును నీళ్లే మోస్తాయి. గాలిలోకి వచ్చిన చేప బరువంతా కొస మీద పడుతుంది. రీలు డ్రాగ్‌ను (దారం జారకుండా పట్టి ఉంచే బిగింపును) దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా బిగించి, చేప లాగితే దారం జారేలా ఉంచాలి.

మొదట చెప్పిన యువకుడి రాడ్ విరిగింది ఈ అపోహ వల్లనే. నేనూ ఒకప్పుడు అలాగే ఒకటి విరిచాను. కిలో కూడా లేని కొర్రమీను, కొత్త రాడ్. కట్ట దిగడానికి బద్ధకించి పైనుంచే లేపాను. పక్కన వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుల సంఘం పెద్దాయన వచ్చి, "బిడ్డా, చేపను నువ్వు పైకి తేవద్దు, నువ్వే కిందికి పోవాలి," అన్నాడు. అప్పటి నుంచి గాలం వేసే ముందే దిగే దారి చూసుకుంటున్నాను. రాళ్లు జారుడుగా ఉండి దిగలేకపోతే పొడవైన పిడి ఉన్న చేతివల దగ్గర ఉంచుకోవాలి. రాడ్‌కు, దారానికి మధ్య కోణం లంబకోణాన్ని, అంటే 90 డిగ్రీలను, దాటకూడదు.

అపోహ: ఏ రీలైనా ఏ రాడ్‌కైనా పెట్టవచ్చు.

బిగించడానికి బిగుస్తుంది. అదే చిక్కు. కాస్టింగ్ రీలు రాడ్ పైన కూర్చుంటుంది, దాని చుట్ట తిరుగుతూ దారం వదులుతుంది. అందుకే రింగులు చిన్నవి, పైవైపు ఉంటాయి. పిడి కింద చూపుడు వేలికి కొక్కెం లాంటిది ఉంటుంది. స్పిన్నింగ్ రీలు కింద వేలాడుతుంది, దాని చుట్ట తిరగదు. దారం పెద్ద వలయాలుగా ఊడి వస్తుంది కాబట్టి మొదటి రింగు పెద్దది కావాలి. స్పిన్నింగ్ రీలును కాస్టింగ్ రాడ్‌కు బిగిస్తే ఆ వలయాలు చిన్న రింగుకు కొట్టుకుని దూరం సగమవుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు కాస్టింగ్ జోలికి పోకూడదనడం కూడా సరికాదు. చుట్ట మీద బొటనవేలు ఉంచడం నేర్చుకోవాలి, అంతే. ఎర నీటిని తాకే క్షణంలో వేలితో చుట్టను ఆపాలి. ఖాళీ మైదానంలో గాలం లేని బరువుతో నాలుగు సాయంత్రాలు విసిరితే చేయి కుదురుతుంది. ఏడు గ్రాములకంటే తేలికైన ఎరలు, వానపాముతో బెండు కట్టి వేసే వేట మీకు ఇష్టమైతే మాత్రం స్పిన్నింగ్ తీసుకోండి. అంచున మూడు గజాల్లోనే చేప తిరుగుతుంటే వెదురు కర్రను మించినది లేదు. ఆ పనిని ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల పెద్దలు చేసినంత నేర్పుగా ఏ ఖరీదైన రాడ్‌తోనూ నేను చేయలేను.

అపోహ: కార్బన్ అంకె పెద్దదైతే రాడ్ బలమైనది.

24 టన్నులు, 30, 40 అని రాసేది కార్బన్ పోగు ఎంత బిగుసుగా ఉంటుందో చెప్పే అంకె. అంకె పెరిగితే తక్కువ పదార్థంతో అదే బిగువు వస్తుంది. రాడ్ తేలికవుతుంది, చిన్న తాకిడి కూడా చేతికి తెలుస్తుంది. కానీ గోడ పలచబడుతుంది. కట్ట రాయికి ఒక్కసారి తగిలితే కంటికి కనిపించని పగులు పడి, నెల తరువాత ఏ బరువూ లేనప్పుడు విరుగుతుంది. రాళ్ల మీద పెట్టేవారికి, బైకు మీద కట్టుకుపోయేవారికి గాజు పోగు కలిపిన రాడ్ కొంచెం బరువైనా ఎక్కువ కాలం నిలుస్తుంది. అంకెకు పెట్టే డబ్బును రింగుల మీద పెట్టండి. బ్రెయిడ్ దారం, అంటే పోగులు అల్లి చేసిన దారం, నాసిరకం రింగులో గాడి కోస్తుంది, ఆ గాడి తిరిగి దారాన్ని కోస్తుంది. కొనేటప్పుడు ప్రతి రింగు లోపల దూది తిప్పి చూడండి. పోగు చిక్కుకుంటే ఆ రాడ్ వదిలేయండి. రాడ్‌ను రెండు ముక్కల్లో కొనడానికి వెనకాడవద్దు. బస్సులో పడుతుంది, బలం ఏమీ తగ్గదు.

రాడ్ సరైనదైనంత మాత్రాన ఎక్కడైనా వేయవచ్చని కాదు. చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్య సహకార సంఘాలది. అడిగి వేయండి. పాఖాల చెరువు అభయారణ్యంలో ఉంది, అక్కడికి రాడ్ తీసుకుపోవద్దు. వానాకాలంలో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. అక్కడ కప్ప పడితే అవి ఆకలితో కాదు, కోపంతో కొడతాయి. ఆ జంటను తీస్తే పిల్లలన్నీ మిగతా చేపల నోట్లోకి పోతాయి. దయచేసి ఆ గుంపును వదిలేయండి.

అపోహ: రాడ్ కర్రే కదా, కరెంటు పారదు.

కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన చెరువుల శిఖం భూముల్లో మోటార్లకు లాగిన తీగలు చాలాచోట్ల కిందికి వేలాడుతూ ఉంటాయి. ఏడు అడుగుల రాడ్‌ను నిలువుగా భుజాన పెట్టుకుని వాటి కింద నడవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. కట్ట ఎక్కేటప్పుడు తల ఎత్తి చూడండి. తీగ ఉంటే రాడ్‌ను రెండు ముక్కలుగా విడదీసి నేలకు సమాంతరంగా పట్టుకుని దాటండి, ఆ తీగలు కనుచూపు మేరలో లేని చోటే విసరండి. మే నెలలో పడమర మబ్బు పట్టి ఉరుము వినిపిస్తే ఎర నీళ్లలో ఉన్నా సరే, రాడ్ కింద పెట్టి, నీళ్లకు దూరంగా కట్ట దిగి వచ్చేయండి. తాటి చెట్టే కాదు, ఏ చెట్టు కిందా నిలబడవద్దు.