వానాకాలంలో తలుపు చెక్కించకండి: కర్ర పనిలో అపోహలు - వాస్తవాలు

ఆగస్టు వచ్చిందంటే బొబ్బిలిలో మా షెడ్డుకు వచ్చేవారి మాట ఒకటే: "మేస్త్రీ, తలుపు పట్టేస్తోంది, కాస్త చిత్రిక పట్టాలి." ఆ వెంటనే రెండో మాట: "ఎండిన టేకని చెప్పి పచ్చి కర్ర అంటగట్టాడు." ఆ మధ్య ఒక రిటైరైన మాస్టారు దాదాపు కన్నీళ్లు పెట్టుకున్నారు. జీవితాంతం దాచుకున్న డబ్బుతో కట్టుకున్న ఇల్లు, మొదటి వానలకే సింహద్వారం బిగుసుకుపోయింది. వెళ్లి చూశాను. కర్ర మంచిదే. ఎవరూ మోసం చేయలేదు. తలుపు బిగించింది ఏప్రిల్‌లో. చట్రానికీ రెక్కకూ మధ్య గోరు దూరే సందు కూడా వదలలేదు. జరిగింది అంతే.

అపోహ: బాగా ఎండిన కర్ర ఇక కదలదు.

వాస్తవం: కదులుతుంది. మీ తాత చేయించిన భోషాణం కూడా ఏటా కదులుతూనే ఉంది. చెట్టు కొట్టాక కర్రలోని నీరు పోయి, తేమ ముప్పై శాతం కంటే తగ్గినప్పటి నుంచి అది కుంచించుకుపోవడం మొదలవుతుంది. ఆ తరువాత గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలి ముడుచుకుంటుంది. పొడవులో ఈ కదలిక లెక్కలోకి రానంత తక్కువ, వ్యవహారమంతా వెడల్పులోనే. పైగా దుంగను ఒక పక్క నుంచి వరసగా కోసుకుంటూ పోతే వచ్చే వెడల్పాటి పలక, నడిమి నుంచి అంచు వైపుకు కోసిన పలక కంటే సుమారు రెట్టింపు కదులుతుంది. టేకు మిగతా కర్రల కంటే నెమ్మది కాబట్టే దానికి అంత పేరు. నెమ్మది అంటే అసలు కదలదని కాదు. మా షెడ్డు గోడకు అడుగు వెడల్పున్న టేకు పలక ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి కొలుస్తాను. తేడా రెండు మిల్లీమీటర్ల పైమాటే. నమ్మనివారికి టేపు చేతికిచ్చి కొలుచుకోమంటాను.

ఈ అపోహకు జనం చెల్లించే మూల్యం ఇక్కడుంది. వానల్లో తలుపు పట్టేసిందని మూడు మిల్లీమీటర్లు చెక్కిస్తారు. ఫిబ్రవరికి అదే తలుపు ముడుచుకుని, సందులోంచి బల్లి దూరేంత ఖాళీ వస్తుంది. అప్పుడు పట్టీ అతికిస్తారు, లేకపోతే రెక్కే మార్చేస్తారు. అందుకే ముందు బందుల మరలు వదులయ్యాయేమో చూడండి. తలుపు కుంగడానికి చాలాసార్లు అవే కారణం. బందులు సరిగ్గా ఉంటే రెక్క అంచుకు సుద్ద పూసి మూయండి. చట్రానికి ఎక్కడ అంటితే అక్కడ ఒక్క పొర మాత్రమే తీయండి. వీలైతే అది కూడా తీయకుండా వానలు వెళ్లేదాకా ఓపిక పట్టండి. తలుపును ఎండాకాలంలో బిగించేటట్లయితే పక్కకు రెండు మూడు మిల్లీమీటర్లు వదలమని మీరే అడగండి. రెక్క పై అంచు, కింది అంచు కంటికి కనబడవని రంగు పూయకుండా వదిలేస్తారు. నిలువు చెక్కల కోసిన కొనలు ఉండేది అక్కడే, తేమను ఎక్కువగా తాగేది ఆ కొనలే. పాలిష్ వేస్తే తేమ ఆగిపోతుందన్నది కూడా సగం నిజమే. అది తేమ రాకను ఆలస్యం చేస్తుంది, ఆపలేదు.

ఇంట్లో బల్ల చేసుకునే కుర్రాళ్లదీ ఇదే తప్పు. నాలుగు పలకలు జిగురుతో కలిపి, అడుగున అడ్డపట్టీ వేసి, వరసగా మరలు బిగించేస్తారు. పట్టీ తన పొడవులో కదలదు, పైపలకలు వెడల్పులో కదలాలి. ఏసీ గదిలో పెట్టిన మొదటి నెలలోనే పలక నిట్టనిలువునా చీలుతుంది. పట్టీలో నడిమి రంధ్రం గుండ్రంగా, మిగతావి పలక కదిలే వైపుకు పొడవుగా తొలవండి. పలక మధ్యలో నిలిచి, అటూ ఇటూ జరుగుతుంది.

నాకు ఈ పాఠం శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అబ్బింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా అత్తవారి పెరట్లో పెద్ద పనసచెట్టు కూలింది. పనస మంచి కర్ర. మా పక్కనే గొల్లపల్లిలో వీణలు చేసేది దానితోనే. బావమరిది గృహప్రవేశం దగ్గర పడుతోందని తొందరపెట్టాడు. అంగుళం మందానికి నీడలో ఏడాది ఎండాలన్నది పాత లెక్క. ఒకటిన్నర అంగుళం పలకలను రెండు నెలలకే తలుపులు చేసేశాను. అది ఒక తప్పు. పలకను చట్రం గాడిలో వదిలేయకుండా నాలుగు వైపులా మేకులు కొట్టడం అంతకంటే పెద్ద తప్పు. మే నెలకు పలక మధ్యలో వేలు దూరేంత చీలిక. పెళ్లిళ్లలో ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు.

కర్ర ఎండిందో లేదో వేలితో తట్టి చెప్పేవారిని నమ్మకండి. పలకను వారం వారం తూకం వేయండి. బరువు తగ్గడం ఆగిందంటే అక్కడి గాలికి సరిపడా ఎండినట్లే. పలకల మధ్య సన్న పట్టీలు పెట్టి నీడలో పేర్చండి, కొనలకు పాత రంగు ఏదైనా పూయండి. ఎండలో పడేయకండి.

మిగతావి గబగబా చెబుతాను. అమావాస్యకు కొట్టిన కర్రకు పుచ్చు పట్టదంటారు. పుచ్చు పురుగుకు పంచాంగం తెలియదు. దానికి కావలసింది తెల్లచెక్కలో, అంటే దుంగ అంచున ఉండే లేత రంగు చెక్కలో, దొరికే పిండిపదార్థం. తెల్లచెక్క తీసేసి లోపలి ముదురు చెక్క, అదే చేవ, వాడండి. పదునైన ఉలి ప్రమాదమన్నది మరొకటి. మొండి ఉలిని బలం పెట్టి తోస్తాం, అది జారి అరచేతిలో దిగుతుంది. కొత్త ఉలి కూడా దుకాణం నుంచి పదునుతో రాదు. వెనుక వైపు చదును చేసి, సానరాయి మీద నూరాకే పనికొస్తుంది. జిగురు కంటే మేకే గట్టిదంటారు. పలకల పక్క అంచులు రెండూ సరిగ్గా కలిస్తే అతుకు దగ్గర కాకుండా కర్రే ముందు విరుగుతుంది. కోసిన కొనలకు మాత్రం జిగురు నిలవదు, అక్కడ కుసి, బెజ్జం (ఒక చెక్క కొనను నాలుకలా చెక్కి, రెండో చెక్కకు తొలిచిన రంధ్రంలో దూర్చే అతుకు) తప్పవు.

ఒక్కటి మాత్రం కోపంగానే చెబుతాను. మార్బుల్ కట్టరుకు కర్ర కోసే పళ్ల బ్లేడు బిగించవద్దు. అది నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతుంది. కోత అవగానే బ్లేడును కప్పే స్ప్రింగు తొడుగు దానికి ఉండదు. బ్లేడు కర్రలో బిగుసుకుంటే యంత్రం ఎగిరి మీ మీదికే వస్తుంది. నా ఎడమ బొటనవేలికి గోరు లేకపోవడానికి కారణం అదే. ఆ రోజు చేతికి తొడుగు కూడా ఉంది. ఆ గుడ్డను బ్లేడు లాక్కోబట్టే వేలు దగ్గరికి వెళ్లింది. తిరిగే యంత్రం దగ్గర చేతి తొడుగులు వద్దు.

బావమరిది తలుపు సంగతి చెప్పలేదు కదూ. మరుసటి ఏడాది మేకులన్నీ పీకి, చట్రానికి గాడి తీసి, కొత్త పలకను జిగురు లేకుండా అందులో వదిలాను. ఇప్పటిదాకా చీలలేదు. కాకపోతే పలకను గాడిలో బిగించాక రంగు వేశాను, ముందే వేయాల్సింది. ఎండలకు పలక ముడుచుకున్నప్పుడల్లా అంచున రంగు లేని గీత ఒకటి బయటపడుతుంది, వానలు రాగానే మళ్లీ గాడిలో దాక్కుంటుంది. ఏటా ఏప్రిల్‌లో ఫోను వస్తుంది: "బావా, గీత కనిపించింది."