చల్లబడే గ్యాసుకు నిప్పంటదా?

"సిలిండర్‌లోంచి వచ్చే ఆక్సిజన్ చల్లబడుతుంది కదా అన్నా, ఇక నిప్పెలా పుడుతుంది?" రాయగడ, గుణుపురం వైపు వెల్డింగ్ షాపుల్లో రెగ్యులేటర్లు బాగుచేసే నేను ఒడియాలోనూ తెలుగులోనూ ఈ మాట విని విని విసిగిపోయాను.

చల్లబడటం నిజమే. సన్నటి దారిలోంచి బయటపడే ఆక్సిజన్ ఒక్కో కిలో ప్రెషర్ (అంటే చదరపు సెంటీమీటరు మీద కిలో బరువంత ఒత్తిడి) తగ్గినప్పుడు పావు డిగ్రీ వరకు చల్లబడుతుంది. జూల్, థామ్సన్ అనే శాస్త్రవేత్తలు 1852లోనే దీన్ని గమనించారు. కార్బన్ డయాక్సైడ్‌కైతే దాదాపు ఒక డిగ్రీ. అందుకే దాని రెగ్యులేటర్‌కు హీటర్ పెడతారు. హీటర్ తీసేసి, మంచు పట్టాక టార్చి మంటతో కరిగించే మహానుభావులకు ఏం చెప్పను!

కొంప ముంచేది వాల్వు తిప్పిన తొలి క్షణం. అప్పుడు రెగ్యులేటర్ లోపల మామూలు గాలి ఉంటుంది. 150 కిలోల ప్రెషర్‌తో గ్యాసు ఒక్కసారిగా దూసుకొచ్చి దాన్ని మూలకు నొక్కేస్తుంది. గాలి కొట్టేటప్పుడు సైకిల్ పంపు అడుగున వేడెక్కుతుంది చూడండి, అదే ఇది. వేడి బయటికి పోయే వ్యవధి లేకపోతే లెక్క ప్రకారం 900 డిగ్రీలు దాటుతుంది. అక్కడ నూనె మరక ఉందా, భగ్గుమంటుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో ఆ మంట సీటుతో (లోపల గ్యాసు దారిని మూసే చిన్న బిళ్ల) ఆగదు, లోహాన్నీ తినేస్తుంది.

ఒక షాపువాళ్లు తెచ్చిన రెగ్యులేటర్‌లో ఫిల్టర్ కరిగి ముద్దయింది, సీటు బొగ్గయింది, గేజీ అద్దం పగిలింది. నట్టు మరల మీద ఇంకా కొబ్బరినూనె వాసన. బిగుసుకుందని కుర్రాడు రాశాడట! పక్కకు నిలబడ్డాడు కాబట్టి ముఖం దక్కింది. నూనె, గ్రీజు దగ్గరికి రానివ్వకండి. ప్రెషర్ స్క్రూ పూర్తిగా వదులు చేసి, గేజీ ఎదుట నిలబడకుండా, వాల్వు మెల్లగా తెరవండి.

ఇంట్లో మనిషికి ఆక్సిజన్ పెట్టుకున్నవారి భయం వేరు. వానాకాలంలో రెగ్యులేటర్‌కు చెమట పడితే, నాన్నగారి ఊపిరితిత్తులకు చలి తగులుతుందేమోనని రాత్రిపూట ఫోను చేస్తారు. కంగారు పడకండమ్మా, అది బయటి గాలిలోని తేమ. గ్యాసు గొట్టంలో నడిచి ముక్కు చేరేసరికి గది వేడికి వచ్చేస్తుంది. పెదవులు ఎండుతున్నాయని వాజిలిన్ మాత్రం రాయకండి, అదీ గ్రీజు లాంటిదే.

అన్ని గ్యాసులూ చల్లబడతాయన్నదీ తప్పే. మన వాతావరణంలో హైడ్రోజన్, హీలియం కాస్త వెచ్చబడతాయి. హోటళ్లలో వంటగ్యాసు సిలిండర్‌కు పట్టే మంచుకు ముఖ్య కారణం ప్రెషర్ కాదు, లోపలి ద్రవం ఆవిరవుతూ వేడిని లాక్కోవడం. దాని కింద మంట పెట్టకండి, పక్కకు పడుకోబెట్టకండి. పెద్ద పొయ్యికి ఒకటి చాలకపోతే, ఏజెన్సీవాళ్లతో రెండు సిలిండర్లు కలిపి బిగించుకోండి.